మొగుడూ పెళ్లాల పలకలు

మాట్లాడే పుర్రెల మడుగును ఒక్క మాటా కలపకుండా దాటి, గుర్రాన్ని మింగిన మండుటిసుక మైదానాన్ని కాలినడకన గడిచి, కుముదగిరి యువరాజు మణిరథుడు అంధకావటి కోట కిందున్న పల్లెకు చేరుకున్నాడు. ఒంటి మీద వేషం బైరాగిది. కడుపులో ఆకలి మాత్రం యువరాజుదే.

తలెత్తి చూస్తే కొండ, కొండ మీద కోట. కాటుక రాతితో కట్టిన ఏడు ప్రాకారాలు, ప్రాకారానికొక బురుజు, బురుజుకొక నోరు తెరిచిన రాతి సింహం. ఇంత వైభవంలోనూ ఎక్కడా ఒక్క కిటికీ లేదు, ఒక్క గవాక్షం లేదు. సూర్యుడు రోజూ ఆ కోట మీదుగానే పడమటికి వెళతాడు గానీ ఇంతవరకూ లోపలికి తొంగి చూసిన పాపాన పోలేదు. ఆ చీకటికి ఏలిక తమిస్రుడు, గొంతులు దొంగిలించే మాంత్రికుడు.

పాపం, వాడికి పుట్టుకతో వచ్చిన గొంతు కప్పపిల్లది. ఆ గొంతుతో శాపం పెడితే శాపం తగలాల్సినవాడు ముందు పొట్ట పట్టుకుని నవ్వేవాడట. ఆ అవమానం భరించలేక నల్ల శంఖం ఒకటి సాధించి, కనిపించిన వాళ్ల గొంతులన్నీ లాక్కోవడం మొదలుపెట్టాడు. అవన్నీ మామూలు గొంతులు. ఆఖరున వాడి కన్ను మణిరథుడి చెల్లెలు మందారమాల గొంతు మీద పడింది. కుముదగిరి కోట తలుపులకు గొళ్లేలు లేవు, తాళాలు లేవు. ఆ వంశపు ఆడపడుచు నోటితో ‘తెరుచుకో’ అంటేనే అవి తెరుచుకుంటాయి. గొంతు తన వశమైతే కత్తి దూయకుండా రాజ్యం చేతికొస్తుందని తమిస్రుడి ఆశ.

అది జరిగింది నెల కిందట. మణిరథుడు కొలువుకు బయలుదేరుతుంటే మందారమాల ఎదురొచ్చి, అన్న నుదుటి వైపు చూసి, పకాలున నవ్వి, “అన్నయ్యా, నీ బొట్టు...” అంది. అంతే, పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. గవాక్షంలోంచి నల్ల శంఖం ఒకటి తనంతట తానే ఎగిరిపోవడం మణిరథుడు కళ్లారా చూశాడు. ఆ రోజు నుంచి చెల్లెలు మళ్లీ నవ్వలేదు. ఇల్లంతా మోగే ఆమె వాగుడుతో విసిగిపోయిన అన్నకు, ఆ నిశ్శబ్దం గుండెలో ముల్లులా దిగింది.

పల్లెలో దండోరా వేస్తున్నారు. “వినండహో! నాలుగోనాటి మిట్టమధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం. ఆలోపు ఏలినవారికి చీకటి పెట్టె కావాలి. ఇనుప మేకు కొట్టకూడదు, సరేసు జిగురు అంటించకూడదు, వెంట్రుకంత వెలుగు దూరకూడదు. నాలుగో వడ్రంగి ఎవరైనా ఉంటే ముందుకు రావాలహో!”

మణిరథుడు ఇంకేం ఆలోచించలేదు. వీధి చివర చిత్రిక చప్పుడు వినిపిస్తున్న వడ్రంగి కొట్టంలోకి దూసుకుపోయి, “నేను వడ్రంగిని. పనిముట్లు కావాలి,” అన్నాడు.

మోకాలి లోతు చెక్కపొట్టులో నిలబడి పలక నునుపు చేస్తున్న అమ్మాయి చెయ్యి ఆపి, అతన్ని పైనుంచి కిందికి చూసింది. ఆమె పేరు సంపంగి. ఆ చుట్టుపక్కల పేరుమోసిన వడ్రంగి కాళహస్తాచారి ఏకైక కూతురు.

“చెయ్యి చూపించు,” అంది. చూపించాడు. “ఈ కాయలు చిత్రిక కాయలు కావు, కత్తి కాయలు. ఒంటి మీదేమో కావిబట్ట. నోటితోనేమో వడ్రంగినంటున్నావు. ఒక్క మనిషివి ఇన్ని వేషాలు ఎట్లా మోస్తున్నావయ్యా, బరువుగా లేదూ?”

చేసేది లేక మణిరథుడు ఉన్నదంతా చెప్పేశాడు. యువరాజని తెలిశాకైనా ఆమె లేచి నిలబడి దండం పెడుతుందేమోనని ఒక క్షణం చూశాడు. ఆమె అప్పటికే నిలబడే ఉంది, దండం సంగతి మాత్రం ఎత్తలేదు.

“మీ చెల్లెలి గొంతు, మా నాన్న ప్రాణం ఒకేచోట ఉన్నాయి,” అంది, ఈసారి నవ్వకుండా. “మొదటి ఇద్దరు వడ్రంగులకు పెట్టె సరిగ్గా కుదరక వాడు వాళ్లను చెక్క గుంజలు చేశాడు. మా నాన్నకు కుదరక కాదు, కావాలనే సన్నటి సందు వదిలాడు. గ్రహణం వేళ వాడు శంఖాన్ని ఆ పెట్టెలో పెట్టి మంత్రం చదువుతాడు. అప్పుడు వెలుగు తగిలిన గొంతు ఎవరిది వారి దగ్గరికే పోతుంది. ఒక్క గొంతు వాడి చెయ్యి జారినా వాడు వేసిన కట్లన్నీ సడలుతాయి. అంతా బాగానే ఆలోచించాడు. కానీ వాడు చీకటి గదిలో పెట్టె లోపల దీపం పెట్టి చుట్టూ తిరిగి చూశాడు, సందు దొరికింది. ఇప్పుడు మా నాన్న మూడో గుంజ.”

“అయితే పరీక్షకు నిలవాలి...”

“పరీక్షకు నిలవాలి, ఆ తర్వాత చెడాలి. అట్లాంటి పెట్టె ఎవరు చేస్తారో నాకూ తెలియదు. నేనే వెళ్లేదాన్ని, కానీ ఆడదాని చేతిలో పనిముట్టు కనిపిస్తే వాకిట్లో రాతి సింహాలు మింగేస్తాయి. ఖాళీ చేతులతో వస్తే ఏమీ అనవు. కాబట్టి పని నీది, నోరు నాది. నువ్వు నా మేనబావవని చెబుతాను.”

“మేనబావనా?”

“ఇష్టమై కాదులే. బావ అంటే నాకు తిట్టే హక్కు వస్తుంది. నీకు పడే బాధ్యత వస్తుంది.”

ఆ హక్కును ఆమె ఆ పూట నుంచే వాడుకోవడం మొదలుపెట్టింది.

మామిడి పలకను అంచు పైకి వచ్చేలా బల్ల మీద నిలబెట్టి బిగించి, చిత్రిక చేతికిచ్చింది. మణిరథుడు ఏనుగు కుంభస్థలం మీద ఈటె దింపినట్టు ఒక్క తోపు తోశాడు. చిత్రిక మధ్యలో కీచుమని ఆగిపోయింది, అంచు నుంచి గుప్పెడు నార లేచింది.

“అది ఎదురు నార బావా. ఆవును తోక నుంచి మెడ వైపు నిమిరి చూడు, తంతుంది. చెక్క మంచిది కాబట్టి పళ్లు బిగబట్టి ఊరుకుంది.”

పలకను తిప్పి పెట్టింది. ఈసారి పొట్టు పొడుగ్గా సుళ్లు తిరుగుతూ లేచింది. మణిరథుడు గర్వంగా ఆమె వైపు చూశాడు. ఆమె ఆ అంచు మీద నూలు తాడు లాగి పట్టింది. నడుమ ఉబ్బు, రెండు కొసలా పల్లం.

“ఇదేమిటి, ఒంటె కావాలన్నానా? మొదలుపెట్టేటప్పుడు బరువు చిత్రిక ముక్కు మీద ఉండాలి. నడుమకొచ్చేసరికి రెండు చేతులూ సమానం. దాటించేటప్పుడు వెనక చెయ్యి మీదికి మార్చాలి. యుద్ధంలో అయితే చివరిదాకా ముందుకే ఉరుకుతారేమో, ఇక్కడ కొస దగ్గర వెనక్కి తగ్గడం తెలియాలి.”

ఏడు దేశాల వీరులు వెనక్కి తగ్గించలేని మణిరథుడు ఆ సాయంత్రానికి తగ్గడం నేర్చుకున్నాడు. రెండోనాడు మధ్యాహ్నానికి నూలు తాడుకూ అతని అంచుకూ మధ్య చీమ కూడా దూరలేకపోయింది. సంపంగి అతను అడగకుండానే రెండో ముద్ద వడ్డించింది. అది మెచ్చుకోలని అతనికి మూడో ముద్ద తినేటప్పుడు తెలిసింది.

కానీ మూల సరిగ్గా ఉందో లేదో చూసే మూలమట్టం ఆనించగానే అసలు జబ్బు బయటపడింది. అంచు పొడవునా తిన్నగానే ఉంది గానీ అడ్డంగా చూస్తే కుడివైపుకు వాలింది. మొదట్లో కొంచెం, కొసకు వచ్చేసరికి ఇంకాస్త. మణిరథుడు మళ్లీ చిత్రిక పట్టాడు, మళ్లీ వాలింది. ఊపిరి బిగబట్టి పట్టాడు, దేవుడికి దండం పెట్టుకుని పట్టాడు, కోపంతో పట్టాడు. ఎలా పట్టినా ఆ వాలు తప్పలేదు. పదేళ్లపాటు కత్తి తిప్పిన మణికట్టు అది, కొసకు వెళ్లేసరికి దానంతటదే ఒరుగుతోంది.

మూడోనాడు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అతను చిత్రిక కింద పెట్టి పొట్టు కుప్ప మీద కూలబడ్డాడు. “నావల్ల కాదు సంపంగీ. రేపు నాలుగో గుంజను నేనే. నా చెల్లెలు ఈ జన్మలో మళ్లీ మాట్లాడదు,” అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

సంపంగి అతను పాడుచేసిన పలకలు రెండింటిని చేతుల్లోకి తీసుకుంది. వాటిని అటూ ఇటూ తిప్పింది. ఉన్నట్టుండి ఆమె ముఖం వెలిగిపోయింది.

“బావా! నీ వంకర చెయ్యి చల్లగుండ!”

“ఎగతాళి చెయ్యడానికి కూడా ఒక సమయం ఉంటుంది.”

“ఎగతాళి కాదు, చూడు.” రెండు పలకలను పుస్తకం మూసినట్టు ముఖానికి ముఖం ఆనించి, రెండంచులూ పక్కపక్కన పైకి వచ్చేలా కలిపి బిగించింది. “ఇప్పుడు రెండింటి మీదా ఒకేసారి పట్టు. ఎంత వాలితే అంత వాలనీ.”

పట్టాడు, షరా మామూలుగా వాలింది. ఆమె బిగింపు విప్పి, పుస్తకం తెరిచినట్టు పలకలు విప్పి, అంచుకు అంచు చేర్చి వాకిలి వైపు ఎత్తి పట్టింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. రెండు పలకల మధ్య నుంచి వెలుగన్నది రాలేదు. పైగా రెండూ కలిసి ఒకే పలకలా తిన్నగా నిలబడ్డాయి.

“ఒకటి ఎంత ఎక్కువైతే రెండోది అంత తక్కువ. వీటిని మా కొట్టంలో మొగుడూ పెళ్లాల పలకలంటాం. విడివిడిగా చూస్తే రెండూ వంకరే. జతగా ఉన్నంతసేపూ ఎవరూ కనిపెట్టలేరు.”

“జత మారితే?”

“మారిస్తే కొంపలంటుకుంటాయి. అందుకే జత జతకూ గుర్తు పెట్టుకుంటాం.” ఆమె కొంటెగా నవ్వింది. “మా నాన్న పట్టిన పలకలైతే ఎటు తిప్పి పెట్టినా కలుస్తాయి. నీలాంటి పనిమంతుడు మాత్రం వెతికినా దొరకడు. రేపు గుర్తులు నేను పెడతాను. నువ్వు నోరు మూసుకుని వంకరగా పని చెయ్యి, చాలు.”

మర్నాడు తెల్లవారగానే ఇద్దరూ కోటకు వెళ్లారు. రాతి సింహాలు సంపంగి ఖాళీ చేతులను వాసన చూసి వదిలేశాయి. నూరు దీపాలు వెలుగుతున్నా చీకటి తగ్గని కొలువుకూటంలో, ఎముకల సింహాసనం మీద, నాగుపాముల కిరీటంతో, భీకరాకారంతో తమిస్రుడు కూర్చుని ఉన్నాడు. వాడు నోరు తెరవగానే మజ్జిగమ్మే ముసలమ్మ గొంతు వినిపించింది. “ఏరా అబ్బీ, నువ్వేనా వడ్రంగివి? పక్కన ఈ పిల్ల ఎవరు?”

మణిరథుడికి నవ్వు ముంచుకొచ్చి దగ్గు తెచ్చుకున్నాడు. సంపంగి అందుకుంది. “మా మేనబావ ప్రభూ. పనిమంతుడే గానీ పక్కన నేనుండి తిట్టకపోతే చెయ్యి ఆడదు.”

“తిట్టుకో,” అన్నాడు తమిస్రుడు, ఈసారి హరికథలు చెప్పేవాడి గొంతుతో.

నల్లటి జిట్రేగి చెక్క పలకలు తెచ్చి పడేశారు. మణిరథుడు వాటిని జతలు జతలుగా బిగించి, సంపంగి చెప్పినట్టే మనసారా వంకరగా పట్టాడు. ముందు ముక్కు మీద బరువు, నడుమ సమానం, కొసకు వెనక చేతి మీద. పొడుగాటి పొట్టు నేల మీద దొంతర్లు పడింది. ఒక జత అయినప్పుడల్లా సంపంగి రెండు పలకల మీదా కలిసేటట్టు కొంగున కట్టి తెచ్చిన కుంకుమతో ఒక ముక్కోణం గీసింది, సగం ఒకదాని మీద, సగం రెండోదాని మీద. నల్లచెక్క మీద, గుడ్డి దీపాల వెలుతురులో ఆ గీతలు తమిస్రుడి కంటపడలేదు. తర్వాత పెట్టె మూలల నిలువు కర్రల్లో తొలిచిన గాడుల్లోకి పలకలను జార్చి, చెక్క చీలికలతో బిగించారు. మేకు లేదు, సరేసు లేదు.

దీపాలన్నీ ఆర్పించి, ఒక్క దీపాన్ని పెట్టె లోపల పెట్టి, మూత బిగించి, తమిస్రుడు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి చూశాడు, పడుకుని చూశాడు, చెంప ఆనించి చూశాడు. ఎక్కడా మిణుగురంత వెలుగు లేదు.

“భేష్!” అన్నాడు తమిస్రుడు జోలపాడే దాది గొంతుతో. “పెట్టె ఎత్తించండి. గ్రహణం పట్టబోతోంది.”

కోట మొత్తానికి సూర్యుడు కనిపించే చోటు ఒక్కటే, నడిబురుజు కొస. అక్కడ పూజకు నల్లపట్టు పందిరి వేసి ఉంది. దానికి మూడు మూలల మూడు చెక్క గుంజలు. మూడో గుంజకు కాళహస్తాచారి ముక్కూ మీసాలూ స్పష్టంగా ఉన్నాయి. నాలుగో మూల ప్రస్తుతానికి ఒక వెదురు కర్ర నిలబెట్టారు. అది ఎవరి కోసం ఖాళీగా ఉంచారో మణిరథుడికి ఒకరు చెప్పక్కర్లేకపోయింది. సంపంగి తండ్రి వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంది.

పెట్టెను ఎండలో దించారు. ఎండ తగలగానే పలకల మీది కుంకుమ ముక్కోణాలు భగ్గుమన్నట్టు ఎర్రగా మెరిశాయి.

తమిస్రుడు ఎగిరి పడ్డాడు. “యంత్రాలు! నా పెట్టె మీద యంత్రాలు గీసిందెవరు?”

“అయ్యో ప్రభూ, అవి యంత్రాలు కావు! ఏ పలకకు ఏది జతో తెలియడానికి పెట్టుకున్న గుర్తులు. దయచేసి వాటిని ముట్టుకోకండి. జతలు మార్చారంటే పెట్టె చెడిపోతుంది!” సంపంగి నేల మీద పడి, రెండు చేతులూ జోడించి బతిమాలింది.

ఆమె అన్నవాటిలో ఒక్క అబద్ధం లేదు. అప్పుడు తెలిసింది మణిరథుడికి, ఆమె ఏం చేస్తోందో. జీవితంలో ఎవరి మాటా నమ్మనివాడికి నిజం చెప్పడం కంటే పెద్ద మోసం ఏముంటుంది? అతనూ మోకాళ్ల మీద కూలబడి, “జతలు విడదీయకండి ప్రభూ!” అని గోల పెట్టాడు.

“విడదీయకూడదా? అయితే విడదీసి తీరతాను!” తమిస్రుడు తన చేతులతోనే చీలికలు ఊడబెరికాడు. పలకలు లాగి, పట్టుబట్టతో కుంకుమంతా తుడిచి, పైవి కిందికీ, తలవైపు కాళ్లవైపుకూ తిప్పేసి, మళ్లీ గాడుల్లోకి దిగ్గొట్టి బిగించాడు. “పలకలు మంచివే కదా, ఎటు పెడితే ఏంటట?” అని ఇకిలించాడు. సూర్యబింబం అప్పటికే ముప్పాతిక మునిగింది. మళ్లీ దీపం పెట్టి పరీక్షించే వ్యవధి లేదు.

లోకమంతా మసకబారింది. పక్షులు అరుపులు మానేశాయి. బింబం పూర్తిగా మునిగిన క్షణాన తమిస్రుడు నల్ల శంఖాన్ని పెట్టెలో పెట్టి మూత బిగించి, కళ్లు మూసుకుని మంత్రం అందుకున్నాడు. సూర్యుడు మళ్లీ పూర్తిగా బయటపడేదాకా శంఖం మీద కిరణం పడకపోతే మందారమాల గొంతు శాశ్వతంగా వాడిదే. మణిరథుడు పెట్టె వైపే చూస్తూ నిలబడ్డాడు. పక్కనున్న సంపంగి చెయ్యి పట్టుకున్నాడు, ఆమె విడిపించుకోలేదు, తిట్టలేదు కూడా.

నల్లటి బింబం అంచున ఒక వెలుగు చుక్క పొడిచింది. అందులోంచి జారిన కిరణం బురుజు మీద పడి, పెట్టెను తాకి, రెండు వంకర అంచుల మధ్య సందు వెతుక్కుని లోపలికి దూరింది.

పెట్టె ఒక్కసారి కదిలింది. లోపల శంఖం ఫటేలున పగిలింది. ఆ వెంటనే నెల రోజులుగా ఆగిపోయి ఉన్న మాట, ఆగిన చోటి నుంచే, గలగలమని కోటంతా మార్మోగేలా బయటికొచ్చింది.

“...వంకరగా ఉంది!”

ఆ వెనకే ఒక నవ్వు. మణిరథుడు ఏడ్చాడో నవ్వాడో అతనికే తెలియలేదు. గొంతు నవ్వుకుంటూనే బురుజు దాటి, తూర్పున కుముదగిరి దిక్కుకు సాగిపోయింది.

“బెకబెకబెక!” అని ఎవరో అరిచారు. అది తమిస్రుడి సొంత గొంతు. దొంగిలించినవన్నీ ఒక్కొక్కటే వాడి నోట్లోంచి జారిపోతున్నాయి. మూడు గుంజలూ పటపటమని చిట్లాయి. కాళ్లొచ్చాయి, చేతులొచ్చాయి. పట్టు పందిరి దభేలున మాంత్రికుడి నెత్తిన కూలింది. కాళహస్తాచారి ఒళ్లు దులుపుకుని, ముందుగా పెట్టె దగ్గరకు నడిచి, ఒక పలక అంచు మీద బొటనవేలు పోనిచ్చి, ముఖం చిట్లించాడు.

“ఛీ ఛీ! ఎవడమ్మా ఈ అంచు పట్టింది?”

“మన బావ, నాన్నా,” అంది సంపంగి, తండ్రిని వాటేసుకుని వెక్కుతూ.

“మనకు బావెక్కడున్నాడే?”

జవాబు చెప్పే వ్యవధి లేకపోయింది. కూలిన పందిరి చీల్చుకుని తాటిచెట్టంత రాబందు ఒకటి పైకి లేచింది. మెడకు నల్లపట్టు చిక్కుకుని ఉంది, నోటివెంట బెకబెకమని కప్ప అరుపు. దాని చూపు తూర్పున సాగిపోతున్న గొంతు మీదే ఉంది. చెల్లెలి దగ్గరికి చేరేలోపు అందుకుంటే మళ్లీ మింగేస్తుంది.

మణిరథుడు పరుగెత్తి బురుజు అంచు మీది నుంచి గాలిలోకి ఉరికి, రాబందు కాలు ఒడిసి పట్టుకున్నాడు. కాళ్ల కింద ఏడు ప్రాకారాలూ గిర్రున తిరిగాయి.

“బావా!” కింద నుంచి సంపంగి కేక. “తిన్నగా పట్టుకో! నీ చెయ్యి ఒరుగుతోంది!”

ఆమె మాట నిజమే. పదేళ్ల అలవాటు మణికట్టు మెల్లగా కుడివైపుకు ఒరుగుతోంది, పట్టు జారుతోంది. మణిరథుడు పళ్లు బిగించి, బరువు ముందుకు మార్చి, రెండు చేతులూ సమానం చేసుకున్నాడు. తర్వాత, మేఘాల నడుమ వేలాడుతూనే, ఎందుకైనా మంచిదని ఒక చేత్తో నుదుటి బొట్టు సరిచేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే రాబందు తలకిందులుగా పల్టీ కొట్టింది.